గ్యాస్ పోయిందా?

1

డాక్టరు సువార్తమ్మ కాసిని ప్లాస్టిక్ రేకులూ ఒక మైనపు పెన్సిలూ ఇచ్చి, పూటపూటా మూడు సంగతులు రాయమంది. నొప్పి ఎలా ఉంది, ఎందాకా నడిచాను, గ్యాస్ పోయిందా లేదా. మూడు ముక్కలు రాస్తే చాలట. నా నోరు మూడు ముక్కలతో ఆగదని ఊరందరికీ తెలుసు. చెయ్యి మాత్రం ఎందుకు ఆగుతుంది?

నొప్పి: ఉంది. నడక: మంచం దిగి మళ్లీ ఎక్కాను. గ్యాస్: లేదు.

నాకు పేగు మెలిపడిందట. చెడిపోయిన ముక్క కోసి పారేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టింది. ఇప్పుడు నా కడుపులో అతుకు వేసిన గొట్టం ఉందన్నమాట. తెలివొచ్చాక డాక్టరమ్మ నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"కడుపు కోస్తే పేగు నిద్రపోద్ది, రత్నమ్మగారూ. గాలంతా లోపలే నిలబడిపోద్ది. అది లేచిందని మనకు తెలిసే గుర్తు ఒక్కటే."

"ఏంటమ్మా అది?"

"గ్యాస్ పోవడం."

నవ్వొచ్చింది. నవ్వగానే కుట్లు పట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇకమీదట నవ్వకూడదు. దగ్గాలంటే దిండు పొట్టకు అదుముకుని దగ్గాలి. తుమ్ము వస్తే దేవుడే దిక్కు.

నవ్వెందుకు వచ్చిందంటే, అడుగుపేటలో ముక్కులు చూసేదాన్ని నేనే. సముద్రం అడుగున మూతపెట్టిన ఊరు మాది. ఒకరు వదిలింది పదిమందీ పీల్చాల్సిందే. అందుకని గోడగోడకీ గాలి వాసన పట్టే గిన్నెమూతంత ముక్కు బిగించి ఉంటుంది, పచ్చదీపంతో. ఎవరికైనా కడుపులో గాలి ఆడితే వీధి చివర గాలిగదికి వెళ్లి, తలుపేసుకుని వదిలి రావాలి. ఆ గాలి అటునుంచి అటే నాచుమడులకు పోతుంది. ఆగలేక బయటే వదిలారా, దగ్గర్లో ఉన్న ముక్కు ఎర్రబడి కోడిపుంజులా కూస్తుంది. కూయించినవాళ్లు వీధిలో అందరూ చూస్తుండగా చెమట పట్టేదాకా గాలిపంపు తొక్కాలి. మా పిల్లలు నడక నేర్వకముందే బిగబట్టడం నేర్చుకుంటారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్ల మొహం కంటే గోడమీది ముక్కునే ఎక్కువ చూస్తారు.

ఆ ముక్కుల్ని తుడిచి, స్క్రూ సరిచేసి, వాటికి జలుబు చేయకుండా చూసుకునేదాన్ని నేను. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ముక్కు కూయించని నూకరత్నాన్ని. ఇప్పుడు నన్ను పట్టుకుని, పోయిందా పోయిందా అని అడుగుతున్నారు.

2

నొప్పి: కుట్ల దగ్గర కంటే కుడి భుజంలో ఎక్కువ. నడక: తలుపుదాకా. గ్యాస్: లేదు.

పొట్ట కోస్తే భుజం నొప్పేమిటని అడిగాను. కడుపులో చిక్కుకున్న గాలి పైకి తోసినప్పుడు నొప్పి భుజానికి పాకుతుందట. ఒళ్లు కూడా మా ఊరివాళ్లలాగే ఉంది, ఒకచోట తప్పు జరిగితే ఇంకోచోట కేకలు.

గాలి కదలడానికి చేసినవన్నీ రాస్తాను. ఎడమపక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టకు ముడుచుకుని పడుకున్నాను. వేడినీళ్ల తిత్తి పెట్టారు. గుటక వేయకుండా నాచు నమిలి ఉమ్మేయమంది డాక్టరమ్మ, నోరు ఆడితే పేగుకి కూడా ఆడాలని బుద్ధి పుడుతుందట. దవడలు లాగాయి గాని పేగుకి బుద్ధి పుట్టలేదు. నా ముక్కులోంచి కడుపులోకి గొట్టం దింపారు. ఆకుపచ్చని నీళ్లొచ్చాయి, గాలి మాత్రం రాలేదు. అది ఇంకా కింద ఎక్కడో కూర్చుని ఉంది.

లోవరాజు వచ్చి వాము నూరి తెచ్చాడు, గుడ్డలో మూటకట్టి వాసన చూడమన్నాడు. లోవరాజు నా మొగుడు. సముద్రం పైకి జనాన్ని చేర్చే బోనులో గాలి తూము తిప్పే మనిషి.

"ఏమే, కదిలిందా?" అన్నాడు.

"కదిలితే నీకంటే ముందు ముక్కు చెప్పదా?" అన్నాను.

పెళ్లి పీటల మీద ముక్కు కూయించిన ఘనుడు ఈయన. అప్పటికే ముక్కుల పని నాది. పెళ్లికొడుకైతే మాత్రం వదులుతానా? తాళి కట్టగానే పంపు దగ్గరికి పంపాను. మెళ్లో దండతో, నెత్తిన జీలకర్ర బెల్లంతో తొక్కుతుంటే ఊరంతా విరగబడి నవ్వింది. ఆయన కూడా నవ్వుతూనే తొక్కాడు. ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది తాళి కట్టినప్పుడు కాదు, అదిగో అప్పుడే.

3

నొప్పి: అలాగే. నడక: వరండా చివరిదాకా. గ్యాస్: లేదు. పొట్ట గట్టిపడుతోంది.

ఈరోజు డాక్టరమ్మ అసలు సంగతి బయటపెట్టింది. నేను అడిగాను కాబట్టే చెప్పింది.

ఊరంతటికీ గాలి ఆడించే మా గాలిమిల్లు పని అయిపోయింది. దాని పళ్లు ఉప్పు తినేసింది. కొన్నాళ్లుగా జనాన్ని బోనులో పైకి తోలుతున్నారు. ఇప్పుడు మిగిలినవాళ్లం ఇరవైమందిలోపే, ఇంకొక్క బోనుకి సరిపోతాం. దాన్ని లాగే కరెంటు కూడా ఇంకొక్క ఎక్కుడికే ఉంది. అదీ రోజురోజుకీ కారిపోతోంది. ఎల్లుండికి బయలుదేరాలి. పైకి వెళ్లిన బోను మళ్లీ దిగదు.

"మోసుకెళ్లి మంచంతో సహా ఎక్కించండమ్మా. నాకేం సిగ్గా?" అన్నాను.

"మన గాలి చిక్కన, పై గాలి పలచన. బోను ఎక్కేకొద్దీ చుట్టూ ఒత్తిడి తగ్గద్ది. మరి మీ కడుపులో గాలి ఏమవుద్దో మీకు తెలీదా?"

తెలియకేం. మూత బిగించిన ఖాళీ సీసా ఎవరో మూటలో పెట్టి పైకి తీసుకెళితే సగందూరంలోనే ఠప్పున పేలిందని లోవరాజు వందసార్లు చెప్పాడు. నూనెలో పూరీ పొంగినట్టు నా పేగు పొంగుతుంది. కొత్త అతుకు ఆగదు. బోను మధ్యలో వెనక్కి తిరగదు, అందులో కడుపు కోసే చోటూ లేదు.

"గ్యాస్ పోతే?"

"పేగు లేచిందంటే దారి తెరుచుకున్నట్టే. ఎక్కేకొద్దీ గాలి దానంతటది పోతూ ఉంటాది. అప్పుడు నేనే మిమ్మల్ని ఎక్కిస్తాను. పోకపోతే ఎక్కించలేను, రత్నమ్మగారూ."

ఆ మాట అని నా దుప్పటి అంచు సర్దింది.

సముద్రాన్నే ఆపిన ఊరు మాది. నా ప్రాణం మాత్రం ఒక పిత్తు మీద ఆధారపడింది. రాయాలంటే సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇంకేం రాయను?

4

నొప్పి: మాటల్లేవు. నడక: వరండా అటూ ఇటూ, లోవరాజు భుజం పట్టుకుని, ఎన్నిసార్లో. గ్యాస్: లేదు.

డాక్టరమ్మ చల్లని బిళ్ల పొట్టమీద ఆనించి చాలాసేపు వింది. ఏమైనా వినిపించిందా అని అడగలేదు, మొహం చూశాను చాలు.

5

ఈ పూట రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

దీపాలు వెలిగిన కాసేపటికి కడుపులో గుడగుడమంది. సన్నగా, ఎక్కడో దూరాన బండి పోతున్నట్టు. లోవరాజు చెవి ఆనించి విని, ఎగిరి గంతేసి బయటికి పరుగెత్తాడు. ఇంకేముంది, ఊళ్లో మిగిలినవాళ్లందరూ వచ్చేశారు. కాన్పుకి వచ్చినట్టు వచ్చారు. గంటాలు వదిన నా కాళ్లు పట్టింది. నూకాలమ్మ తల్లికి మొక్కింది పక్కింటి గంగరాజు మేనత్త. "వత్తాదిలే, వత్తాది, కంగారుపడకు" అని ఒకరు, "ముక్కు, ముక్కు" అని ఇంకొకరు. డాక్టరమ్మ బోనులోకి మందులు సర్దడానికి వెళ్లి ఉంది. వాళ్లని చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎవరికి వాళ్లు మూటలు కట్టుకోవాల్సిన రోజున నా పిత్తు కోసం కాచుకుని కూర్చున్నారు. ఇంతమంది నన్ను కావాలనుకుంటున్నారని నాకు తెలీదు.

అప్పుడు వచ్చింది. నిజంగా వచ్చింది. కిందికి జారి, గుమ్మంలో నిలబడింది.

ఎదురుగా గోడమీద ముక్కు, పచ్చదీపం. నేను చేసిన పని ఏమిటంటే, బిగబట్టాను. చెయ్యాలని చెయ్యలేదు. ఒళ్లే చేసింది.

"గదికి! గదికి తీసుకెళ్లండి!" అని అరిచాను.

"దారి, దారి!" అని అరిచారు వాళ్లు. ఒక్కరంటే ఒక్కరు, ఇక్కడే వదిలెయ్యవే అనలేదు. లోవరాజు చంకల కింద పట్టుకున్నాడు, గంగరాజు కాళ్లు పట్టుకున్నాడు, గంటాలు వదిన ముందు పరుగెత్తి గాలిగది తలుపు తీసి పట్టుకుంది. పల్లకీ మోసినట్టు మోసుకెళ్లి, లోపల కూర్చోబెట్టి, మర్యాదగా తలుపేశారు.

లోపల కూర్చున్నాను. ఏమీ లేదు. ముక్కాను, కుట్లు మండిపోయాయి. ఏమీ లేదు. వచ్చినది వచ్చిన దారినే వెనక్కి పోయింది. బయట అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "అక్కడే వదిలెయ్యొచ్చు కదా! ఎవరాపారు మిమ్మల్ని? ఎవరాపారు?" అని కేకలేసింది. అందరూ తలలు దించుకున్నారు. కాసేపటికి ఆమె కూడా గోడకు ఆనుకుని కూలబడింది. ఆమె పుట్టింది కూడా ఈ ఊళ్లోనే.

"నేనున్నా గదికే పంపుదునేమో" అంది.

చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అంటారు. అందరం కలిసి చేసుకున్నాం, అనుభవించేది మాత్రం నేనొక్కదాన్నే.

6

నొప్పి: ఉంది. నడక: లేదు. గ్యాస్: లేదు.

నాకోసం బోను ఒకరోజు ఆపారు. ఇంకోరోజు ఆపితే మధ్యలో కరెంటు అయిపోయి అందరూ వేలాడాల్సిందే. ముక్కుకి దుప్పటి కప్పారు. నా దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. పొట్ట డోలులా ఉంది, లోపల చప్పుడు మాత్రం లేదు.

నేను ఆపినందువల్లే ఇలా అయిందా అని అడిగాను. "అది కాదండీ. పేగు అలిసిపోయింది" అంది డాక్టరమ్మ. నిజం చెప్పిందో, నా మనసు నొప్పించలేక చెప్పిందో తెలీదు. మనసు కూడా పొట్టలాంటిదే, ఎక్కడ నొక్కినా నొప్పే.

లోవరాజు మంచం పక్కన నేలమీద కూర్చుని ఒకటే మాట.

"నువ్వెక్కకుండా నేనెక్కనే."

"తూము ఎవరు తిప్పుతారు?"

"గంగరాజు తిప్పుకుంటాడు."

"గంగరాజుకు తూమంటే తెలుసా? ఒక్కసారిగా తిప్పేస్తే అందరి రక్తంలో బుడగలొచ్చి చచ్చిపోతారని నువ్వే కదా చెప్పింది!"

"సచ్చిపోతే పోనీ. నాకేటి?"

ఆ మాట అన్నందుకు ఆయనే తల కొట్టుకున్నాడు. అయినా వెనక్కి తీసుకోలేదు. మెత్తని మనిషి మొండికేస్తే ఎవరి తరమూ కాదు. బోను పై అరలో కూర్చుని, కొంచెం కొంచెంగా గాలి వదులుతూ జనాన్ని ప్రాణాలతో పైకి చేర్చగలవాడు ఈ ఊళ్లో మిగిలింది ఈయనొక్కడే. ఈయన ఇక్కడ కూర్చుంటే వాళ్లందరూ కూర్చున్నట్టే. నా పక్కన చావడానికి ఇంతమంది తోడు నాకొద్దు.

7

నొప్పి: రాయను. నడక: గోడదాకా. గ్యాస్: దీని సంగతి కింద రాస్తాను.

పొద్దున లోవరాజు మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు మంచం దిగాను. దిండు పొట్టకు అదుముకుని, గోడ పట్టుకుని, ముక్కు దగ్గరికి వెళ్లాను. దుప్పటి తీశాను. ప్రతి ముక్కుకీ చెవి వెనక ఒక చిన్న స్క్రూ ఉంటుంది, మేం పరీక్షకు తిప్పేది. సగం చుట్టు తిప్పితే చాలు, మనిషి ఊపిరి తగిలినా కూసేస్తుంది. తిప్పాను. మంచంమీదికి వచ్చి పడుకున్నాను. అంత దూరానికే ఒళ్లంతా చెమటలు పట్టాయి.

డాక్టరమ్మ వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని నేను చెయ్యబోయేది చెప్పాను.

"నాతో అబద్ధం ఆడిస్తారా?" అంది.

"ఆడకపోతే అందరినీ చంపుతావు. ఆడితే నన్నొక్కదాన్నే. లెక్క నీకు నేను చెప్పాలా?"

ఏడ్చింది. చిన్నపిల్ల, నా చేతిలో పెరిగిన పిల్ల. ఒకసారి బడిలో ముక్కు కూయించి పంపు తొక్కలేక ఏడుస్తుంటే, తనకు అడ్డంగా నిలబడి ఎవరికీ కనబడకుండా చేసింది నేనే. ఆ మాట గుర్తుచేయలేదు. ఆమెకే గుర్తొచ్చి ఉంటుంది, తల ఊపింది.

లోవరాజు తలుపు దగ్గరికి రాగానే డాక్టరమ్మ ముక్కుకి దగ్గరగా నిలబడి ఊపిరి వదిలింది. ముక్కు ఎర్రబడి కూసింది. ఊరంతా వినబడేలా కూసింది.

ఆయన మొహం రాయడం నాకు చేతకాదు. తువ్వాలు జారవిడిచి, "రత్నం! రత్నం!" అని నా తల పట్టుకుని ఊపేశాడు. బయట గంటాలు వదిన ఈల వేసింది. ఎవరో పళ్లెం మోగించారు. గంగరాజు నా బదులు పంపు మీద కూర్చుంటే ముక్కు ఆగింది, అది మళ్లీ కూయకుండా డాక్టరమ్మ దుప్పటి కప్పింది. జీవితంలో మొదటిసారి నేను ముక్కు కూయించానని ఊరు పండగ చేసుకుంది, అదీ దొంగకూత. కంచే చేను మేసింది.

"పంపు తొక్కాలే నువ్వు" అన్నాడు లోవరాజు, ఏడుస్తూ నవ్వుతూ.

"పైకెళ్లాక తొక్కుతాలే. పో, నీ తూము చూసుకో. మంచం నీ వెనకాలే వస్తుంది."

గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి తిరిగాడు. ఏదో చెప్పబోయాడు. "పోవయ్యా, ఆలస్యమవుతోంది" అని కసిరాను. అదే ఆఖరి మాట. ఇంకాస్త మంచిమాట ఏదైనా అని ఉండాల్సింది. మంచిమాట అంటే అనుమానపడేవాడు.

8

బోను వెళ్లింది.

తూము మనిషి ముందు ఎక్కి పై అరలో కూర్చుంటాడు. అక్కడినుంచి కింది తలుపు కనబడదు, గొట్టంలోంచి మాట మాత్రం వినబడుతుంది. ఇలా జరిగి ఉంటుందని నా ఊహ: "మంచం వచ్చిందా?" అని ఆయన అడిగాడు. "వచ్చింది బాబాయ్" అని, మిగిలినవాళ్లను కళ్లతోనే వారిస్తూ, డాక్టరమ్మ అంది. తలుపు పడింది.

తలుపు పడ్డ చప్పుడు మాత్రం ఊహ కాదు. మంచం కాళ్లు అదిరాయి. తరవాత తాడు మూలుగు మొదలైంది. గోడకు చెవి ఆనించి విన్నాను. మెల్లగా, ఎక్కడా కుదుపు లేకుండా ఎక్కుతోంది. లోవరాజు చెయ్యి అది. గాలి సర్దుకోవడానికి ఆగే మొదటి మజిలీలో ఆయన కింది అరలోకి దిగి చూసుకుంటాడు. అప్పుడు తెలుస్తుంది. అప్పటికి బోను వెనక్కి దిగడానికి వీలుండదు, తూము వదలడానికీ వీలుండదు. నన్ను తిట్టుకుంటాడు. బతికున్నన్నాళ్లూ తిట్టుకోనీ.

నాకు భయంగా ఉంది. పక్కన చెయ్యి పట్టుకునేవాళ్లుంటే బాగుండును. పంపించింది నేనే, ఉంటే బాగుండుననేదీ నేనే.

9

నొప్పి: భుజం నుంచి మెడకు ఎక్కింది. నడక: గోడదాకా, మళ్లీ. గ్యాస్: లేదు.

ఎవరికోసం రాస్తున్నానో తెలీదు. డాక్టరమ్మ చదవదు. పెన్సిలు ఉంది కాబట్టి రాస్తున్నాను.

దీపాలు ఆరిపోయాయి. ముక్కు పచ్చదీపం ఒక్కటే ఉంది, దాని వెలుగులోనే రాస్తున్నాను. ఇందాక లేచి, దుప్పటి తీసి, దాని స్క్రూ మళ్లీ సరిగ్గా తిప్పిపెట్టాను. ఎవరున్నారని? అయినా తప్పు చూపే ముక్కుని అలా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.

గాలి బరువెక్కింది. నాలుగు మాటలు రాస్తే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. తాడు చప్పుడు కూడా ఆగిపోయింది. చేరి ఉంటారు. చేరారనే అనుకుంటాను.

10

నిద్రలో వచ్చింది.

ముందు కూత విన్నాను. కళ్లు తెరిచేసరికి గదంతా ఎర్రగా ఉంది. బోను తిరిగొచ్చిందనుకున్నాను, లోవరాజు వచ్చి పిలుస్తున్నాడనుకున్నాను. ముక్కు అరుస్తోంది. స్క్రూ సరిగ్గానే ఉంది. అప్పుడు అర్థమైంది. బిగబట్టడానికి చుట్టూ ఎవరూ లేరు, సిగ్గుపడడానికి నేను కూడా మేలుకుని లేను. రెండోసారి వచ్చింది. మూడోసారి తెల్లారేదాకా ఆగదా అన్నంత పొడుగ్గా వచ్చింది. పొట్ట మెత్తబడింది. భుజంలో పోటు తీసేసినట్టు పోయింది.

నవ్వాను. దిండు అదుముకుని కడుపారా నవ్వాను. తరవాత ఏడ్చాను. ఏడవడానికి కూడా దిండు కావాల్సివచ్చింది. ఇప్పుడు బోను ఎక్కొచ్చు. ఇప్పుడు ఎవరైనా నన్ను పైకి తీసుకెళ్లొచ్చు. పేగు లేచింది, అతుకు నిలిచింది, డాక్టరమ్మ చెయ్యి మంచిది. ఆ మాట ఆమెకు చెప్పేవాళ్లు లేరు.

ముక్కు ఎంతకీ ఆగలేదు. కూయించినవాళ్లు పంపు దగ్గర కూర్చుంటేగాని ఆగకూడదని దాన్ని అలా పెట్టింది నేనే. లేచాను. గోడలు పట్టుకుని, గాలిగది దాటుకుని, వీధి పంపు దగ్గరికి వెళ్లి పలక మీద కూర్చున్నాను. ముక్కు చల్లబడి పచ్చగా అయింది. వీధిలో చూసేవాళ్లెవరూ లేరు. నెత్తిన జీలకర్ర బెల్లంతో ఆయన నవ్వుతూ తొక్కింది ఈ పంపే. కాలు ఆనించి ఒకసారి తొక్కాను. ఎక్కడో గొట్టంలో కొంచెం గాలి కదిలింది. ఇంకోసారి తొక్కాను.

నొప్పి: లేదు. నడక: పంపుదాకా. గ్యాస్: పోయింది.